ఆర్లిస్ నిమ్మకాయ

పెళ్ళాం పక్కింటాయన్ని చూసి నవ్విందంటే మొగుడు సర్దుకుపోవచ్చు. మర్యాదకి నవ్వి ఉంటుంది, లేదా పన్ను నొప్పికి మూతి అలా వంకర పోయి ఉంటుంది. కానీ పక్కింటాయన బండిని చూసి నవ్విందంటే మాత్రం ఏ మొగుడికీ తిన్నది అరగదు. డెల్మర్ స్టెన్స్‌రూడ్‌కి అరగడం మానేసి అప్పటికి చాలా రోజులైంది.

పొద్దున్నే చక్రాల మీద ఇల్లయిన తన ఇంటిబండి గుమ్మం ముందు మడతకుర్చీ వేసుకుని, మొన్నటి పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, దాని పైనుంచి చూస్తున్నాడు. భార్య ఆర్లిస్ చేతిలో దువ్వెనతో మెట్టు దిగింది. రెండు బండ్ల మధ్యా పరిచిన కంకర దాటింది. వెర్న్ టాస్కర్ ఇంటిబండి పక్కన నిలబడింది. ఆ బండి ఒళ్ళంతా అద్దంలా ఉంటుంది. అందులో చూసుకుంటూ పాపిడి తీసుకుంది. ఇటు తిరిగి ఒక చెంప, అటు తిరిగి ఇంకో చెంప చూసుకుంది. వెనక్కి జరిగి కాళ్ళదాకా చూసుకుంది. ఆ తర్వాత బండిలో ఉన్న ఆర్లిస్‌ని చూసి బయట ఉన్న ఆర్లిస్ నవ్వింది.

ఆ నవ్వు డెల్మర్‌కి తెలుసు. నార్త్ డకోటాలో ఆయన ధాన్యం గిడ్డంగి ఉద్యోగం అయిపోయాక, ఈ ఇంటిబండి కొత్తగా వచ్చి ఇంటి ముందు ఆగిన రోజున ఆర్లిస్ సరిగ్గా అలాగే నవ్వింది. అది ఆయన సొంత నవ్వు. దాన్ని తీసుకెళ్ళి ఇంకొకడి బండికి ఇచ్చేస్తోంది.

ఇంతలో వెర్న్ కాఫీ కప్పుతో బయటికొచ్చాడు. బడి బస్సు నడిపి రిటైరైన ఐడహో మనిషి. భార్య పోయింది. నిటారుగా ఉంటాడు, పైగా మీసం. దట్టంగా, తెల్లగా, రెండు చివర్లూ పైకి తిరిగిన మీసం.

"గుడ్ మార్నింగ్ ఆర్లిస్ గారూ," అన్నాడు. తర్వాత బండిలోని నీడ వైపు తిరిగి, "మీక్కూడా అమ్మా," అన్నాడు.

ఆర్లిస్ పకపకా నవ్వింది. ఇవతల డెల్మర్ నోట్లో కాఫీ ఆముదమైపోయింది.

ఆవిడ తిరిగొచ్చాక అడిగాడు. "రోజూ ఏం చూస్తావక్కడ?"

"నన్ను."

"మన బండిలో కనపడవా?"

ఆర్లిస్ తమ బండి గోడ మీద అరచెయ్యి ఆనించి, తీసి, ఆయన మొహం ముందు పెట్టింది. బడిపంతులు చెయ్యిలాగా సుద్దపొడి. "ఇదిగో, ఇలా కనపడతా," అంది. లోపలికి వెళ్తూ, "ఒకప్పుడు బాగానే కనపడేదాన్ని," అని కూడా అంది. అది డెల్మర్ వినలేదు. ఆయన కళ్ళు అవతల మీసం మీద ఉన్నాయి.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. ఎడారి ఊరు యూమాలో ఈ పార్కుకి వచ్చేవాళ్ళందరూ మంచుకి పారిపోయి వచ్చిన ముసలివాళ్ళే. ఉత్తరాన మంచు మొదలవగానే ఇళ్ళకి తాళాలు వేసి, మంచమూ పొయ్యీ ఉన్న బండ్లు తోలుకుంటూ వస్తారు. ఇక్కడ ఎండ ముదిరితే తిరిగి పోతారు. పోయే ముందు ఒక ఆదివారం, పార్కు గేటు దగ్గర చెట్టు నుంచి నిమ్మకాయలు కోసి బుట్టలో పెడతారు. మనిషికొక కాయ. ఎవరి బండి బాగా మెరుస్తోందనిపిస్తే ఆ బండి మెట్టు మీద పెట్టాలి. అందరూ చూస్తుండగా పెట్టాలి, చాటుమాటు ఓట్లు లేవు. ఎక్కువ కాయలు వచ్చిన ఇంటివాళ్ళు ఆ కాయలతోనే 'పై' అనే నిమ్మ తీపిరొట్టె చేసి ఊరందరికీ పెట్టాలి. గెలిచినవాడికే ఖర్చు! అయినా దానికోసం పడి చస్తారు.

ఆ మెట్టు ఏటా డెల్మర్‌దే. ఆర్లిస్ చేసిన పై తిని జనం వేళ్ళు నాకేవాళ్ళు. అది కొత్త బండి కనక మెరిసింది. కానీ యూమా ఎండకి మొహమాటం లేదు. ఫైబర్ గోడల మీద రంగుపూత, జెల్‌కోట్ అంటారు దాన్ని, శీతాకాలం వెంబడి శీతాకాలం ఎండని తాగి తాగి పొడిబారిపోయింది. ముదురు నీలం కాస్తా ఉతికి ఉతికి వెలిసిన చొక్కా రంగయింది. డెల్మర్ ఏం చేశాడు? ఏటా ఆ సుద్ద మీదే మైనం రుద్దాడు. రుద్దిన వారం మెరుపు, పై వారం మళ్ళీ సుద్ద. పైన పటారం, లోన లొటారం. ఒక మైనం పనికిరాలేదంటే ఇంకో మైనం తెచ్చేవాడు. ఆ సీసాలు పెట్టుకోవడానికి బాత్రూం తలుపుకి ఉన్న సామానేదో ఊడపీకి, మంచం కింద తోసేసి, అక్కడ చెక్క అర బిగించాడు. ఇప్పుడు ఆ ఇంట్లో మనుషుల బట్టలకన్నా మైనం సీసాలకే ఎక్కువ చోటుంది.

ఈ శీతాకాలం వెర్న్ వచ్చి పక్కన దిగాడు. వాడి బండి డెల్మర్ బండికన్నా పాతది. అదీ అసలు మంట. కొత్త బండి మెరిస్తే డబ్బుందిలే అనుకోవచ్చు. పాత బండి మెరిస్తే ఏమనుకోవాలి? నడుచుకుంటూ పోయేవాళ్ళు కూడా ఆగి, టోపీ సర్దుకుని పోతున్నారు.

నిమ్మకాయలన్నీ వెర్న్‌కి పోయినా డెల్మర్ ఎలాగో బతికేవాడు. ఆయన పీకలో అడ్డం పడింది ఒక్కటే కాయ. ఆర్లిస్ చేతిలో కాయ. ఊరంతా చూస్తుండగా తన పెళ్ళాం కంకర దాటి వెళ్ళి, ఆ మీసాలవాడి మెట్టు మీద నిమ్మకాయ పెట్టిందంటే?

ఇలాంటి వాణ్ణి చూస్తే డ్వేన్ పోల్క్‌కి పండగే. నెబ్రాస్కాలో పశువుల వేలంపాట పాడినవాడు. నోరు మూసుకుంటే జబ్బు చేస్తుంది. పోయినేడు పార్కులో బండ్ల ముందు సింగారానికి పెట్టుకున్న గులాబిరంగు ప్లాస్టిక్ కొంగలన్నిటినీ తెచ్చి ఒక్క పాస్టరుగారి బండి చుట్టూ నిలబెట్టింది వీడే.

"ఏరా డెల్మర్, మొహం అలా ఉందేం? ఆముదం తాగావా?"

"నువ్వు పో."

"వాడి గుట్టు నాకు తెలుసు." డ్వేన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వాడే చెప్పాడు. ఎవరితో అననంటే చెప్తా."

డెల్మర్ పేపరు దించాడు. "అనను."

"మయనీజ్."

"తినేదా?"

"తినేదే. ఆలోచించు. అందులో ఏముంటుంది? నూనె, గుడ్డు. నూనె మెరుపునిస్తుంది, గుడ్డు పట్టి ఉంచుతుంది. అసలు బలమంతా గుడ్డులోనే ఉందిరా. రుద్ది, ఎండలో ఆరనివ్వాలి. కడగకూడదు. అదే కిటుకు."

మామూలు మనిషైతే నవ్వి పొమ్మంటాడు. కానీ కుళ్ళుతో ఉన్నవాడికి చెవులు పెద్దవి, బుర్ర చిన్నది. మర్నాడు ఆర్లిస్ ఇంకా లేవకముందే డెల్మర్ పెద్ద డబ్బాడు మయనీజ్ తీసుకెళ్ళి బండి వెనక గోడకి పూశాడు. పూయగానే నిగనిగలాడింది! ఆయన చేతులు నడుం మీద పెట్టుకుని, మెడ వంచి ఇటునుంచి, అటునుంచి చూసుకుని, ఈల వేసుకుంటూ వచ్చి కుర్చీలో కూచున్నాడు.

ఎండెక్కింది. ముందు వాసన వచ్చింది. తర్వాత ఈగలు వచ్చాయి. ఆ తర్వాత కుక్కలు. మొదట వచ్చింది డ్వేన్ బుల్‌డాగే. దాని వెనక పొట్టికాళ్ళ కుక్క, దాని వెనక పాస్టరుగారి ముసలి స్పానియల్. అన్నీ వరసలో నిలబడి బండి వెనక భాగాన్ని శ్రద్ధగా నాకుతున్నాయి. పొట్టిదానికి అందక ఏడుస్తోంది.

పార్కు చూసుకునే లూపె తన చిన్న బ్యాటరీ బండి ఆపి, ఆ వరసని చివరిదాకా చూసింది. "డెల్మర్ గారూ, కుక్కల ఓట్లన్నీ మీకే పడ్డాయి. మనుషుల సంగతి ఆదివారం చూద్దాం," అంది.

డ్వేన్ నవ్వి నవ్వి కంకర మీద కూలబడ్డాడు. ఆర్లిస్ కూడా నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది. కానీ డెల్మర్‌ని గుచ్చింది ఆ నవ్వు కాదు. వెర్న్ నవ్వకపోవడం. వాడు బకెట్టు, సబ్బునీళ్ళు పట్టుకొచ్చి, మాట్లాడకుండా కుక్కల్ని తోలి, గోడ కడగడం మొదలుపెట్టాడు. పక్కవాడు మంచివాడు కూడా అయితే ఇంక వాణ్ణి తిట్టుకోవడానికి మనకేం మిగులుతుంది?

"మైనం తర్వాత సంగతి," అన్నాడు వెర్న్ గోడ తుడుస్తూ. "ముందు ఈ సుద్ద పోవాలి. నా దగ్గర తిరుగుతూ తోమే మిషను ఉంది, దానికి ఉన్ని దిండు ఉంది, సుద్ద గీకే గరుకు ముద్ద ఉంది. పొద్దున నీడపట్టున కొంచెం కొంచెం చేద్దాం. ఒకటే జ్ఞాపకం పెట్టుకో. మిషను ఒకచోట నిలపకూడదు, మీద బరువు వెయ్యకూడదు. మధ్య మధ్యలో చేత్తో తాకి చూడాలి. వేడెక్కిందా, ఆపెయ్యాలి. ఈ పూత మందం ఎంతనుకున్నావ్? పేకముక్కంత. అది దాటితే ఇంక లోపల పీచే."

"విను డెల్," అంది ఆర్లిస్.

ఆ రెండు మాటలూ అనకపోయి ఉంటే డెల్మర్ వినేవాడేమో. "నాకు తెలుసు," అన్నాడు. "నీకన్నా ముందునుంచీ మైనం రుద్దుతున్నా."

"సరే అయితే," అన్నాడు వెర్న్. "మిషనూ ముద్దా మాత్రం తెచ్చి ఇక్కడ పెట్టి పోతా. కావలిస్తే వాడుకో."

వాడి మిషనూ వద్దు, వాడి సలహా వద్దు అనుకున్నాడు డెల్మర్. అలా అనుకుంటూనే శనివారం దాకా ఆ మిషను చుట్టూ తిరిగాడు. శనివారం ఆర్లిస్ మిగతా ఆడవాళ్ళతో కలిసి హాల్లో బల్లలు సర్దడానికి వెళ్ళింది. వెర్న్ కూడా కుర్చీలు మోస్తానని వెంట వెళ్ళాడు. కుర్చీలు మోయడానికి మగాళ్ళే కరువయ్యారా ఈ పార్కులో? డెల్మర్ మిషను తీశాడు.

నీడపట్టున చెయ్యాలన్న మాట గాలికి పోయింది. గుమ్మం పక్క గోడ మీద ఎండ నిలువునా పడుతోంది. బండి మొత్తం చేసే ఉద్దేశం ఆయనకి లేదు. ఒక్క చోటు చాలు. గుమ్మం పక్కన, ఆర్లిస్ మొహం ఎత్తులో. రేపు ఆవిడ నిమ్మకాయతో మెట్టు దిగగానే అక్కడ తన మొహం కనపడాలి. కనపడితే ఆగుతుంది. ఆగితే నవ్వుతుంది. నవ్వితే కాయ ఇక్కడే పడుతుంది. ఆయన లెక్క అంతే.

గరుకు ముద్ద పూసి మిషను పెట్టాడు. చెప్పొద్దూ, మొదట బ్రహ్మాండంగా వచ్చింది. సుద్ద ఊడి తెల్లటి ముద్దయి కారింది. కింద నుంచి అసలు నీలం లేచింది, కొత్తలో ఉన్న నీలం. గుడ్డతో తుడిచి చూస్తే అందులో ఏదో మసగ్గా కదిలింది. చెయ్యి ఊపాడు. అదీ చెయ్యి ఊపింది.

"అదీ!" అన్నాడు డెల్మర్.

అక్కడ ఆపి ఉంటే ఈ కథ లేదు. మసగ్గా కనపడితే సరిపోతుందా? వెర్న్ బండిలో కనురెప్పలు కూడా కనపడతాయి. మళ్ళీ పెట్టాడు మిషను. రుద్దుతుంటే చెవిలో 'గుడ్ మార్నింగ్ ఆర్లిస్ గారూ' వినపడింది. కొంచెం గట్టిగా నొక్కాడు. 'మీక్కూడా అమ్మా' వినపడింది. భుజం ఆనించి నొక్కాడు. 'విను డెల్' వినపడింది. ఇంక ఒంట్లో ఉన్న బరువంతా తెచ్చి దాని మీద వేశాడు. చేత్తో తాకి చూడాలన్న సంగతి గుర్తొచ్చింది. అది వాడి మాట కనక తాకలేదు.

మధ్యలో కొంచెం నల్లగా అయింది. ఆహా, నీలం ఇంకా చిక్కబడుతోందనుకున్నాడు. మరి కాస్త రుద్దాడు. ఆ నలుపులో చిన్న చిన్న గళ్ళు కనపడ్డాయి. మిషను తీసి, గుడ్డతో తుడిచి, కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. గోనెసంచి నేతలా అడ్డంగా నిలువుగా పీచు. భోజనం పళ్ళెమంత చోటు, పూత అనేదే లేకుండా పోయింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

డెల్మర్ మెట్టు మీద కూచున్నాడు. తర్వాత దొంగబుద్ధి పుట్టింది. ఆర్లిస్ ఒక రాష్ట్రాల పటం తెప్పించింది, గోడకి అంటించుకునేది. బండి మీద తిరిగిన రాష్ట్రానికల్లా రంగు బిళ్ళ అతికించుకుంటారు, ఇంటిబండ్ల వాళ్ళందరికీ ఉండేదే. పాతది వెనక కిటికీ కింద ఉంది, అదీ ఎండకి వెలిసిపోయింది. కొత్తది ఇంకా సొరుగులోనే ఉంది. అది తీసుకొచ్చి ఆ మచ్చ మీద అంటించాడు. తొందరలో వంకరగా పడింది. ఫ్లోరిడా నేల చూపులు చూస్తోంది. ఒక్క రాష్ట్రానికీ రంగు లేదు.

ఆ రాత్రి ఆర్లిస్ అలిసిపోయి వచ్చి, వెనక తలుపులోంచి ఎక్కి పడుకుంది. ఇటు చూడలేదు.

ఆదివారం వచ్చింది. అందరూ బుట్టలోంచి తలొక కాయా తీసుకుని పెళ్ళివారిలా బయల్దేరారు. ముందు డ్వేన్. వాడు డెల్మర్ గుమ్మం ముందే ఆగాడు, ఇంకెక్కడ ఆగుతాడు?

"ఏరా, పటం కొత్తదా?"

"ఊఁ."

"ఒక్క రాష్ట్రమూ తిరగలేదేం? ఫ్యాక్టరీ నుంచి గాల్లో ఎగిరొచ్చి ఇక్కడ దిగావా?"

"తర్వాత అంటిస్తాం."

"గుమ్మం పక్కనేం, ఇక్కడ?"

"నా బండి, నా ఇష్టం! పటం కింద ఏముందని అంత చూపు?"

"కింద ఏదో ఉందని నేనన్నానా?" అన్నాడు డ్వేన్, కళ్ళు చికిలిస్తూ. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం వాడు వేలంపాటల్లో బోలెడు చూశాడు. నవ్వుకుంటూ వెళ్ళి తన కాయ వెర్న్ మెట్టు మీద పెట్టాడు. వెనకాల ఉన్నవాళ్ళూ పెట్టారు. పాస్టరుగారు పెట్టారు. లూపె పెట్టింది. పసుపుపచ్చగా కుప్పయింది.

ఆర్లిస్ మెట్టు దిగింది. మంచి గౌను వేసుకుంది, పెదాలకి రంగు వేసుకుంది. చేతిలో కాయ. ఆవిడ పక్కకి తిరిగింది. ఆగింది. పటాన్ని చూసింది.

"ఇది ఇక్కడెందుకుంది?"

"అందంగా ఉంటుందని."

"వంకరగా ఉంది." వంకర అనేది చూస్తే సరిచెయ్యకుండా ఉండలేని మనిషి ఆవిడ. గోరుతో పై మూలనున్న మెయిన్ అనే రాష్ట్రం చివర పట్టుకుని లాగింది. పటం మొత్తం చర్రుమని ఊడి చేతికొచ్చింది.

డ్వేన్ కూడా నోరు మూసుకున్నాడు, దాన్నిబట్టి ఆ మచ్చ ఎలా ఉందో ఊహించుకోండి.

"ఏం చేశావ్ డెల్ ఇక్కడ?"

"నిన్ను."

"నన్నా?"

"నువ్వు దువ్వుకునే ఎత్తు కదా అది. నీ మొహం కనపడాలని..." డెల్మర్ బూట్లు చూసుకుంటూ చెప్పాడు. "వాడి బండిలో కనపడినట్టు. అద్దం చేద్దామనుకున్నా. బరువెక్కువ పడింది."

ఆర్లిస్ మచ్చని చూసింది, మొగుణ్ణి చూసింది. ఆ తర్వాత మెట్టు మీద కూలబడి, పటం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుకి కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"ఓరి నా మొగుడా! మనకి అద్దం ఉందయ్యా!"

"ఎక్కడ?"

"మంచం కింద! బాత్రూం తలుపుకి ఉండే నిలువుటద్దం. నీ మైనం సీసాలకి చోటు లేదని నువ్వే పీకి అక్కడ తోశావు. అప్పట్నుంచీ నా మోకాళ్ళు ఎలా ఉన్నాయో నాకే తెలీదు. అందుకే కదా కంకర దాటి పోతున్నా!"

"చెప్పొచ్చు కదా," అన్నాడు డెల్మర్.

"చెప్పా. అద్దం ఏది డెల్ అని అడిగా. నువ్వు సీసా ఊపుతూ, దీనికన్నా ఆ కొత్తది మంచిదంట ఆర్లిస్ అన్నావు."

చుట్టూ జనం నవ్వారు. డెల్మర్‌కి కూడా సగం నవ్వొచ్చింది, కానీ మిగతా సగం ఇంకా ఆవిడ చేతిలో కాయని చూస్తోంది. "మరి అది?" అని అడిగాడు, మెల్లగా.

ఆర్లిస్ లేచింది. కంకర దాటింది. వెర్న్ మెట్టు మీద ఉన్న కుప్ప పైన తన కాయ పెట్టి, దొర్లిపోకుండా సర్ది, తిరిగొచ్చింది.

"నిమ్మకాయ మెరుపుకి పెట్టేది డెల్. ఇంతమందిలో అబద్ధం ఆడమంటావా?"

"అయితే నాకేం లేదా?"

"ఎందుకు లేదు? నేనున్నా, నా మోకాళ్ళున్నాయి. చాలదూ?"

ఇన్ని రోజులూ ఏ కాయకి భయపడ్డాడో ఆ కాయ పడనే పడింది. చూస్తే ప్రాణం ఒంట్లోనే ఉంది, పెళ్ళామూ పక్కనే ఉంది. డెల్మర్ జేబులో తడిమాడు. తన కాయ తన మెట్టు మీదే పెట్టుకుందామని దాచుకున్నాడు పెద్దమనిషి. దాన్ని తీసి, మొహం చిట్లించుకుని, వెళ్ళి వెర్న్ మెట్టు మీద పెట్టాడు.

వెర్న్ మాత్రం గెలిచిన మొహంతో లేడు. అన్ని కాయల్ని చూసి బెదిరిపోయాడు. "పై చెయ్యడం నాకు రాదే! గుడ్డు వేయించడమే సరిగా రాదు."

"నేను చేస్తాలెండి, మీరు కాయలు పిండండి," అంది ఆర్లిస్.

డెల్మర్ ఉండబట్టలేక అడిగేశాడు. "ఒక్కటి చెప్పు వెర్న్. నీకు దువ్వుకునే పెళ్ళాం లేదు, చుట్టాలు రారు. బండిని అంతలా ఎందుకు తోముతావు?"

వెర్న్ మీసం నిమురుకున్నాడు. "మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ, పొద్దున బయటికెళ్ళే ముందు చూసి చెప్పేది, మీసంలో గుడ్డు ఉంది తుడుచుకో అని. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. లోపలి అద్దంలో చీకటి, నా కళ్ళకి ఆనదు. ఒకసారి పచ్చసొన పెట్టుకుని చర్చికి వెళ్ళి వచ్చా. ఎవరూ చెప్పలేదు. అప్పట్నుంచీ బండిని తోముకుంటున్నా. మెట్టు దిగగానే ఎండలో చూసుకుంటా."

డ్వేన్ ఊరుకోలేకపోయాడు.

"చూశావా డెల్మర్? అసలు బలమంతా గుడ్డులోనే ఉందని నేను ముందే చెప్పలా!"

మర్నాడు డెల్మర్ మంచం కింద దూరి నిలువుటద్దం బయటికి లాగాడు. మైనం సీసాలన్నీ అట్టపెట్టెలో సర్దాడు. అద్దాన్ని మాత్రం బాత్రూంలో బిగించలేదు. గుమ్మం పక్కన, పూత పోయిన మచ్చ పూర్తిగా కప్పబడిపోయేట్టు, బయటే బిగించాడు. వెర్న్ వచ్చి ఒక చివర పట్టుకున్నాడు. బిగిస్తూ, "మిగతా గోడ సంగతి రేపు పొద్దున నీడలో చూద్దాం," అన్నాడు. "చేత్తో తాకి చూస్తూ," అన్నాడు డెల్మర్, గొంతులోంచి ఆ మాట ఈడ్చుకొస్తూ.

ఆర్లిస్ దువ్వెన పట్టుకుని మెట్టు దిగింది. కంకర దాటలేదు. గుమ్మం దగ్గరే నిలబడి మోకాళ్ళ దాకా చూసుకుంది. "నేననుకున్నంత పాడవలేదే," అని నవ్వింది. ఆ పాత నవ్వే. కుర్చీలో డెల్మర్ పేపరు దించి, ఆ రోజుటి పేపరే, కాఫీ తీరిగ్గా ఒక గుక్క తాగాడు. తియ్యగా దిగింది.

సరిగ్గా అప్పుడు కంకర కరకరలాడింది. వెర్న్, చేతిలో చిన్న దువ్వెన.

"ఆర్లిస్ గారూ, ఏమనుకోకండి. మీ అద్దం నా బండికన్నా బాగా కనపడుతోంది. రోజూ ఒక్క నిమిషం వచ్చి మీసం చూసుకుని పోవచ్చా?"

"దానికేం, రండి. ఉండండి, ఎడమ పక్క కొంచెం ఉంది... కాదు, ఇంకా కింద... ఆగండి, నేను తుడుస్తా." ఆవిడ రుమాలు చివరతో వాడి మీసం మీది గుడ్డు తుడిచింది. "కాఫీ తాగుతారా?"

డెల్మర్ కప్పులోకి చూశాడు. మళ్ళీ ఆముదం.

మూతి తడుముకున్నాడు. నున్నగా ఉంది. మీసం మొలవాలంటే ఎన్నాళ్ళు పడుతుంది? అన్నాళ్ళు ఆగే ఓపిక ఆయనకెక్కడిది. ఒళ్ళో ఉన్న పళ్ళెంలో సగం తిన్న వేపుడు గుడ్డు ఉంది. అటూ ఇటూ చూసి, పచ్చసొనలో వేలు ముంచి, పైపెదవి మీద అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకి దట్టంగా పూసుకున్నాడు.

"ఆర్లిస్," అని పిలిచాడు. "ఒకసారి ఇటు చూడు."